శ్రమలో దేవుని ఉద్దేశాన్ని ఎలా వెదకాలి

ఇది ప్రస్తుతం శ్రమలో ఉన్న విశ్వాసి కోసం, ఆ విశ్వాసి పక్కన ఏమి మాట్లాడాలో తెలియక కూర్చున్న బంధువు కోసం రాస్తున్నది. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, జగిత్యాల ప్రాంతాల సంఘాలలో ప్రార్థన మనవులు చెప్పుకొనేటప్పుడు వినిపించే కష్టాలు మనకు కొత్తవి కావు. పత్తి చేతికి రాకముందే మెడకు చుట్టుకొన్న అప్పు, గల్ఫ్‌కు వెళ్లి శవపేటికలో తిరిగివచ్చిన కొడుకు, వారం వారం డయాలిసిస్‌కు వెళ్లవలసిన భర్త, పెళ్లయి ఏళ్లు గడిచినా సంతానం లేక మాటలు పడుతున్న కోడలు. వీరందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "దేవుడు నాకే ఎందుకిట్ల చేసిండు?"

ఆ ప్రశ్నకు కారణం చెప్పే జవాబు చాలామందికి ఈ లోకంలో దొరకదు. అయితే కారణం దొరకనివారికి సైతం ఉద్దేశం దొరకగలదని బైబిలు మనకు చూపుతున్నది. కనుక మొట్టమొదట చేయవలసిన పని ఈ రెండింటినీ విడదీయడం.

కారణం వేరు, ఉద్దేశం వేరు

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడిని చూసిన శిష్యులు, ఇతడు ఇలా పుట్టడానికి పాపం చేసినది ఇతడా, ఇతని కన్నవారా అని అడిగారు. మన ఊళ్లలోనూ ఆ ప్రశ్న ఏ జన్మ పాపమో, ఎవరి శాపమో అనే మాటల్లో వినిపిస్తుంది. సంఘంలో చేరిన తరువాత మాటలు మారతాయి గాని ప్రశ్న మారదు. విశ్వాసం తక్కువైందనీ, దశమభాగం ఆపినందుకే ఇలా జరిగిందనీ, ఇంట్లో ఏదో దాచిన పాపం ఉన్నదనీ అంటారు. యేసు ఈ రెండు జవాబులనూ తోసిపుచ్చి, దేవుని క్రియలు అతనియందు ప్రత్యక్షం కావడానికే అని చెప్పి, అక్కడికక్కడే బురద చేసి అతని కన్నులకు పూశాడు. శిష్యులు వెనక్కి చూసి అడిగారు, ఆయన ముందుకు చూసి జవాబిచ్చాడు. లూకా 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది గురించి మాట్లాడినప్పుడు కూడా, వారు యెరూషలేములోని మిగిలినవారికంటే ఎక్కువ అపరాధులు కారని ఆయన స్పష్టంగా చెప్పాడు.

తన చేజేతులా తెచ్చుకొన్న కష్టం కొందరికి ఉంటుంది. తాగుడు వల్ల కాలేయం చెడిపోయినవాడు కారణం తెలియదని అనలేడు, అక్కడ పశ్చాత్తాపంతోనే దారి మొదలవుతుంది. కానీ అటువంటి సంబంధం కంటికి కనబడనప్పుడు, దానిని ఊహించి ఎదుటివారి మీద మోపే అధికారం మనలో ఎవరికీ లేదు. పిల్లలను, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకొన్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు చేసిన తప్పు అదే. వారు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబుతోపాటు నేలమీద మౌనంగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు వెదకడం మొదలుపెట్టాకనే చెడిపోయారు. చివరి అధ్యాయంలో దేవుడు కోపించినది వారి మీద, దేవునితోనే వాదులాడిన యోబు మీద కాదు. ఇంకొక సంగతి గమనించండి. మొదటి రెండు అధ్యాయాలలో పరలోకంలో దేవునికి, సాతానుకు మధ్య యోబు గురించి జరిగిన సంభాషణ చదువుతున్న మనకు తెలుసు గాని, గ్రంథంలోని 42 అధ్యాయాలు పూర్తయ్యేవరకు ఆ మాట ఎవ్వరూ యోబుకు చెప్పరు. కారణం తెలియకుండానే యోబు దేవుణ్ణి కలుసుకొన్నాడు.

ఈ తేడా మన నేలమీద ఎలా పనిచేసిందో చూడాలంటే నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లికి వెళ్లాలి. కుష్ఠురోగిని పాపఫలం అనుభవిస్తున్నవాడిగా ఎంచి ఊరి బయటికి నెట్టివేసిన కాలంలో, స్కాట్లాండు నుండి వచ్చిన మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో అక్కడ కుష్ఠురోగుల కోసం చికిత్సాలయాన్ని ప్రారంభించారు. అప్పట్లో అందుబాటులో ఉన్న చాల్‌ముగ్రా నూనెను సూదిమందుగా ఇచ్చి వైద్యం చేశారు. ఆ రోగులు ఎవరి పాపం వల్ల అలా అయ్యారన్న చర్చను పక్కనపెట్టి, వారి పుండ్లు కడగడమే అక్కడ సువార్త అయింది.

ఇప్పుడు చేయదగిన పని ఇది. ఒక కాగితం తీసుకొని, ఒక వైపున మీకు జవాబు తెలియని "ఎందుకు" ప్రశ్నలన్నిటినీ మొహమాటం లేకుండా రాయండి. రెండవ వైపున "ఇప్పుడు ఏమి చేయాలి, ఎవరి కోసం చేయాలి" అన్న ప్రశ్నలు రాయండి. మొదటి వైపును చింపివేయనక్కర లేదు. ఆ కాగితాన్ని మీ బైబిలులో యోబు గ్రంథం దగ్గర పెట్టి, రోజూ రెండవ వైపున ఉన్న ప్రశ్నతో ప్రార్థన మొదలుపెట్టండి.

స్తోత్రానికి ముందు మొర

మన సంఘాలలో ఒక అలవాటు పాతుకుపోయింది. ఎంత దుఃఖంలో ఉన్నవారైనా మైకు ముందుకు రాగానే "దేవునికి స్తోత్రం, అంతా మేలుకే" అనాలి. అలా అనలేనివారు మెల్లగా ఆదివారం రావడమే మానేస్తారు. ఇది నాకు తీవ్రమైన బాధ కలిగించే విషయం, ఎందుకంటే బైబిలు వారికి ఇచ్చిన హక్కును మనం లాక్కొంటున్నాము. కీర్తనల గ్రంథంలో ఉన్న 150 కీర్తనలలో మొరలు, విలాపాలు పెద్ద భాగం. ఇశ్రాయేలీయులు వాటిని చాటుగా గొణుక్కోలేదు, ఆరాధనలో అందరి మధ్య పాడారు.

13వ కీర్తనను మాదిరిగా తీసుకోండి, అందులో ఉన్నవి 6 వచనాలే. మొదటి రెండు వచనాలు నేరుగా ఫిర్యాదు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" తరువాతి రెండు వచనాలు మనవి, నా మీద దృష్టి ఉంచి ఉత్తరమిమ్మని అడగడం. ఆఖరి రెండు వచనాలలో మాత్రమే నమ్మిక, పాట వస్తాయి. మీరు కూడా ఇదే వరుసలో మీ సొంత మొరను మీ ఇంటి భాషలో రాయండి. గ్రాంథికం అవసరం లేదు, "మీరు" అనాలా "నీవు" అనాలా అన్న సంకోచమూ వద్దు. ఫిర్యాదు చేసేటప్పుడు పేర్లు, తేదీలు, డబ్బు మొత్తాలు, డాక్టరు చెప్పిన మాట అన్నీ చెప్పండి. "నా సమస్యలు తీర్చు ప్రభువా" అనడం కంటే "రేపు పొద్దున షావుకారు వస్తడు, నా దగ్గర ఏమీ లేదు" అనడం ఎక్కువ నిజమైన ప్రార్థన. మనవి భాగంలో మీకు నిజంగా కావలసినదే అడగండి, ఆత్మీయంగా కనిపించే కోరికను అడగకండి. నమ్మిక భాగం నోటికి రాకపోతే ఆ చోటును ఖాళీగా వదిలి, 88వ కీర్తన తెరవండి. ఆ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతోనే ముగిసిపోతుంది, తరువాత ఊరట కలిగించే వచనం ఒక్కటీ లేదు. అటువంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడంటే, మీ ప్రార్థన కూడా అక్కడిదాకా వచ్చి ఆగిపోవచ్చునని అర్థం.

మొర పెట్టేవాడికి శరీరం కూడా ఉంటుందని మరచిపోకూడదు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుండి, ఇక చాలు, నా ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. ఉపవాస ప్రార్థన మంచిదే గాని, ఆప్తులు పోయిన వారాల్లో, నిద్ర లేని రాత్రుల తరువాత, మందులు వాడుతున్నప్పుడు ఉపవాసం ఉండమని ఎవరు చెప్పినా వినకండి. ఏలీయా వలె ప్రాణం మీద ఆశ పోయిన తలంపులు వస్తుంటే ఆ మాటను ఒంటరిగా మోయకండి. ఇంట్లో ఒకరికి, పాస్టరుగారికి చెప్పండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ సేవలో తెలుగులోనే మాట్లాడేవారు ఉంటారు. మానసిక వైద్యుణ్ణి కలవడం విశ్వాసలోపం కాదు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే.

ఏ శ్రమను మోయాలి, దేని నుండి బయటపడాలి

ప్రతి శ్రమా మోయవలసిన సిలువ కాదు. తాగి కొట్టే భర్త చేతిలో దెబ్బలు తింటున్న చెల్లెలితో "నీ సిలువ నువ్వు మోయాలె బిడ్డా" అనడం వాక్యాన్ని వంకరగా వాడడమే. యేసు నజరేతులో తనను కొండ అంచునుండి పడద్రోయబోయిన గుంపు మధ్యనుండి దాటి వెళ్లిపోయాడు. పౌలు దమస్కులో గంపలో గోడ మీదుగా దిగి తప్పించుకొన్నాడు; మరొకసారి కొరడా దెబ్బలు పడకముందే తన రోమా పౌరసత్వాన్ని ఎత్తి చూపాడు. తప్పించుకొనే దారి ఉన్నచోట వారు దానిని వాడుకొన్నారు. తండ్రి చిత్తం స్పష్టమైనచోట యేసు గెత్సేమనే నుండి పారిపోలేదు. ఇంట్లో హింస ఉన్నప్పుడు 181 మహిళా సహాయ నంబరుకు ఫోన్ చేయడం, కొంతకాలం పుట్టింట్లో ఉండడం, అప్పు విషయంలో పెద్దమనుషుల సమక్షంలో లెక్క తేల్చుకోవడం, జబ్బుకు వైద్యం చేయించుకోవడం, ఇవన్నీ విశ్వాసపు పనులే. ఇవన్నీ చేసిన తరువాత కూడా మిగిలిపోయే శ్రమ ఏదైతే ఉంటుందో, దాని ఉద్దేశం గురించే కింద రాసినదంతా.

సిలువ దగ్గర మన చోటు

మిగిలిన శ్రమను క్రీస్తు శ్రమ పక్కన పెట్టి చూడడం ఈ మార్గానికి గుండెకాయ. సిలువ మీద యేసు పలికిన "నా దేవా, నా దేవా" అన్న కేక 22వ కీర్తనలోని మొదటి మాట. దేవుని కుమారుడే ఆ కేక వేశాడు గనుక, విడువబడ్డానన్న భావం కలిగినంతమాత్రాన మీరు దేవుని నుండి దూరమైనట్టు కాదు. లాజరు సమాధి దగ్గర, కొద్దిసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా "యేసు కన్నీళ్లు విడిచెను" అని యోహాను రాశాడు. పునరుత్థానం మీద నిరీక్షణ ఉన్నవారు ఏడవకూడదని ఎవరైనా అంటే ఈ వచనం చూపించండి.

దీనిని ఆచరణలో పెట్టడానికి మన సంఘాలలో ఏనాటి నుండో రెండు పద్ధతులు ఉన్నాయి. కతోలికులు శ్రమకాలపు శుక్రవారాలలో 14 స్థలాల సిలువ మార్గం చేస్తారు, అంటే యేసు సిలువ ప్రయాణాన్ని చూపే 14 బొమ్మల దగ్గర ఒక్కొక్కటిగా ఆగి ప్రార్థిస్తారు. వరంగల్ మేత్రాసనానికి కేంద్రమైన కాజీపేట ఫాతిమా కేథడ్రల్‌లో అయినా, చిన్న పల్లె గుడిలో అయినా ఆ వరుస ఒక్కటే. ప్రొటెస్టంటు సంఘాలలో శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ధ్యానిస్తారు. మీరు ఏ సంఘానికి చెందినవారైనా సరే, వీటిలో మీ శ్రమకు దగ్గరగా ఉన్న ఒక్క స్థలాన్ని, లేదా ఒక్క మాటను ఎంచుకోండి. కొడుకును పోగొట్టుకొన్న తల్లి 4వ స్థలం దగ్గర, 13వ స్థలం దగ్గర నిలబడవచ్చు; మొదటిదానిలో మరియమ్మ సిలువ మోస్తున్న కుమారుణ్ణి కలుసుకొంటుంది, రెండవదానిలో ఆయన దేహం సిలువ నుండి దించబడుతుంది. శంషాబాద్ విమానాశ్రయంలో సంతకం పెట్టి పెట్టెను తెచ్చుకొన్న తల్లికి ఆ రెండు బొమ్మలు ఏమి చెబుతాయో ఏ బోధకుడూ వివరించనవసరం లేదు. మళ్లీ మళ్లీ జబ్బు తిరగబెట్టినవారికి ఆయన పడిపోయిన 3, 7, 9 స్థలాలు ఉన్నాయి. ఒక్కదాని దగ్గరే వారాల తరబడి ఉండిపోయినా తప్పు లేదు.

అందరి నోటా వినిపించే రోమీయులకు 8:28 గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సమస్తమూ మేలే అని ఆ వచనంలో లేదు. దేవుణ్ణి ప్రేమించేవారి మేలు కోసం సమస్తమూ సమకూడి జరుగుతున్నదని ఉన్నది. ఆ మేలు ఏమిటో 29వ వచనం చెబుతుంది, దేవుని కుమారుని సారూప్యంలోకి మనం మారడమే అది. ఉద్యోగం తిరిగి రావడం, పంట పండడం, ఇల్లు కట్టడం కూడా జరగవచ్చు గాని, వాగ్దానం చేయబడిన మేలు వాటికంటే లోతైనది. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షలో నిలిచిన స్వభావాన్ని, ఆ స్వభావం నిరీక్షణను కలుగజేస్తుందని అదే పత్రిక 5వ అధ్యాయంలో చెప్పిన వరుస అంతా ఈ మార్పు గురించే. మీరు మారుతున్నారో లేదో మీకంటే ముందు మీ ఇంటివారికి తెలుస్తుంది. కాబట్టి కొన్ని నెలలకొకసారి, మీరు నమ్మే ఒకరిని ఈ కష్టంలో నేను గట్టిపడుతున్నానా, మెత్తబడుతున్నానా అని అడగండి.

పొందిన ఆదరణ ఎవరికి చేరాలి

కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 1వ అధ్యాయంలో పౌలు, దేవుడు మనల్ని ప్రతి శ్రమలోనూ ఆదరిస్తున్నది, మనం ఎట్టి శ్రమలో ఉన్నవారినైనా ఆ ఆదరణతోనే ఆదరించగలిగేటట్టు అని రాశాడు. అదే అధ్యాయంలో, బ్రతుకుతామన్న ఆశ కూడా లేకపోయేంతగా కుంగిపోయామని ఒప్పుకొన్నవాడు రాసిన మాట ఇది. నాకు తెలిసినంతలో శ్రమకు ఉద్దేశం దొరికినవారిలో ఎక్కువమందికి అది ఒక మనిషి రూపంలోనే దొరికింది.

మా సంఘంలో ఒక అక్క భర్త మూడేళ్లు డయాలిసిస్ చేయించుకొని చనిపోయారు. ఆ తరువాత చాలాకాలం ఆమె స్త్రీల కూడికకు రాలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఒకనాడు పాస్టరమ్మగారు ఆమె ఇంటికి వెళ్లి, ఒక కొత్త రోగి భార్య భయపడుతున్నది, ఆమెతో ఒక్కసారి ఆసుపత్రికి వెళ్లగలవా అని అడిగారు. అక్క ఆ రోజు బైబిలు తెరవలేదు. ఫిస్టులా వేసిన చేతికి, అంటే డయాలిసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చేతికి, బీపీ చూడనివ్వవద్దని, ఆ చేతి నుండి రక్తం తీయనివ్వవద్దని చెప్పింది. రోజుకు తాగవలసిన నీళ్లను పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పోసుకొంటే లెక్క తప్పదని, దాహం వేసినప్పుడు నోరు పుక్కిలించి ఉమ్మితే కొంత తగ్గుతుందని చెప్పింది. ఆరోగ్యశ్రీ కాగితాలను, రక్తపరీక్షల రిపోర్టులను వేర్వేరు ప్లాస్టిక్ కవర్లలో సర్ది ఇచ్చింది. మిషను మీద నుండి దించిన తరువాత కళ్లు తిరుగుతాయి, ఒక్కసారిగా లేవనివ్వకుండా కాసేపు కూర్చోబెట్టి ఆ తరువాతే ఆటో ఎక్కించాలని చెప్పి, తానే ఆయన భుజం పట్టుకొని చూపించింది. తన భర్త ఎందుకు పోయాడో ఇప్పటికీ తెలియదని, కాని ఆ మూడేళ్లలో నేర్చుకొన్నది వృథా పోలేదని ఆ సాయంత్రం అనిపించిందని తరువాత ఆమె చెప్పింది.

ఇందులో నేర్చుకోదగినవి ఉన్నాయి. ఆమె తొందరపడలేదు, గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఇతరుల గాయాలు కట్టడానికి పరుగెత్తలేదు. సేవ ప్రారంభించాలని, ట్రస్టు పెట్టాలని అనుకోలేదు, ఒక్క మనిషితో మొదలుపెట్టింది. తన కథ చెప్పలేదు, అడిగినప్పుడు మాత్రమే చెప్పింది. మీ శ్రమ మీకు ఏ పని నేర్పిందో రాసి పెట్టుకోండి. బ్యాంకు మేనేజరుతో ఎలా మాట్లాడాలో, రాత్రిపూట ఆసుపత్రి వరండాలో ఎక్కడ పడుకోవచ్చో, గల్ఫ్ నుండి మృతదేహాన్ని తెప్పించడానికి ఏ కాగితాలు ముందుగా అడుగుతారో, చదువులో వెనకబడ్డ పిల్లవాణ్ణి ఎలా ఓదార్చాలో మీకు తెలుసు. ఇప్పుడు అదే దారిలో అడుగుపెట్టినవారు ఎవరో మీ పాస్టరుగారిని అడగండి. ఎవరూ లేకపోతే వేచి ఉండండి, ఎక్కువకాలం వేచి ఉండనవసరం ఉండదు.

ఎప్పుడు తెలుస్తుంది

యోసేపు తన అన్నలతో "మీరు నాకు కీడు చేయ నుద్దేశించితిరి గాని" దేవుడు దానిని మేలుకే ఉద్దేశించాడని అన్న మాట ఆదికాండము 50వ అధ్యాయంలో ఉంది. ఆ మాటను గోడల మీద రాసుకొంటాము గాని, అది ఎప్పుడు అన్నాడో లెక్క చూడము. అతడు అమ్మబడినది 17 ఏళ్ల వయసు నాటి కథలో. ఫరో ముందు నిలిచినది 30 ఏళ్లకు. ఏడు సమృద్ధి సంవత్సరాలు, రెండు కరువు సంవత్సరాలు గడిచిన తరువాత తండ్రి ఐగుప్తుకు వచ్చాడు, అక్కడ 17 ఏళ్లు బ్రతికి చనిపోయాడు, ఆ తరువాతే ఈ మాట వచ్చింది. అంటే గోతిలో పడిన రోజుకు, ఈ మాట పలికిన రోజుకు మధ్య దాదాపు 40 ఏళ్లు ఉన్నాయి. అప్పుడు కూడా అన్నలు చేసినది కీడు అనే అన్నాడు, మేలు అనలేదు. పైగా ఆ మాట అన్నవాడు యోసేపే. గోతి అంచున నిలబడి ఎవరూ అతనికి ఆ వచనం వినిపించలేదు.

కనుక ఉద్దేశం ఈ సంవత్సరం తెలియకపోతే మీ విశ్వాసంలో లోపమేదో ఉన్నదని అనుకోకండి. ప్రతి సంవత్సరం జ్ఞాపకార్థ కూడిక జరిపే రోజున, లేదా కష్టం మొదలైన తేదీన, గడిచిన ఏడాదిలో ఈ శ్రమ నన్ను ఎవరి దగ్గరికి నడిపించింది అన్న ఒక్క ప్రశ్నకు నాలుగు వాక్యాలు రాసుకోండి. కొన్ని సంవత్సరాలు ఏమీ రాయలేకపోవచ్చు, తేదీ మాత్రం వేసి పెట్టండి.

పక్కనున్నవారికి

ఎదుటివారి శ్రమకు ఉద్దేశాన్ని మీరు చెప్పకండి, అది వారు వెదుక్కోవలసినది. సాక్ష్యం చెప్పమని తొందరపెట్టకండి. మొదటి వారం జనం నిండుగా ఉంటారు, అన్నం వండేవారికి కొరత ఉండదు. రెండో నెలలో, మూడో నెలలో ఆ ఇంటి తలుపు తట్టేవారు ఉండరు, మీ వంతు అప్పుడు తీసుకోండి. ఏడ్చేవారితో ఏడవమని రోమా 12:15లో ఉన్నది గనుక కన్నీళ్లు వస్తే ఆపుకోవద్దు, రాకపోతే నటించవద్దు.

ఆప్తులు పోయిన తరువాత వచ్చే మొదటి క్రిస్మస్ ముఖ్యంగా కష్టం. డిసెంబరు మొదలుకాగానే వీధిలో అందరి ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. ఆ ఇంటివారు ఈసారి నక్షత్రం కట్టకపోయినా, కొత్తబట్టలు కొనకపోయినా సంఘంలో ఎవరూ ప్రశ్నించకూడదు. క్యారల్స్‌కు బయలుదేరే యవనస్థులు ముందురోజే వెళ్లి, రమ్మంటారా, వద్దంటారా, వస్తే డప్పు, గిటారు లేకుండా ఒక్క పాట పాడి వెళ్లమంటారా అని అడగాలి. వద్దంటే ఆ రాత్రి ఆ ఇంటి ముందు ఆగకుండా సాగిపోవాలి, పండుగ అయిన తరువాత ఇద్దరు పెద్దలు భోజనం పట్టుకొని వెళ్లి వారితో కూర్చొని తినాలి.